ఆటుపోట్ల పుస్తకం

నర్సు బెరిట్ ఇచ్చిన కాగితం మీద
మూడేసి గంటలకో గడి.
ఎడమపక్క సున్నివా, కుడిపక్క ఊడా.
తాగిన పాలు, తడిపిన గుడ్డలు, పడుకున్న నిమిషాలు.
మూడో రోజుకే పాలొలికి
అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.
చేతికందింది ఐలిఫ్ వాళ్ళ రేవు పంచాంగం,
సముద్రం ఏ వేళకి పొంగుతుందో ఏ వేళకి తీస్తుందో
అచ్చువేసిన చిన్న నీలం పుస్తకం.
దాని అంచుల్లో రాయడం మొదలెట్టాను.

వార్డోలో నవంబరు చివర మునిగిన సూర్యుడు
జనవరి దాకా తేలడు.
పొద్దున్న రెండు, అని రాస్తాను.
పొద్దేదీ?
సాయంత్రం నాలుగు, అని రాస్తాను.
కిటికీలో అదే బొగ్గు.
మధ్యాహ్నం ఓ గంటసేపు మాత్రం
ఆకాశం అంచు కమిలిన దెబ్బలా నీలమవుతుంది.
సరిగ్గా ఆ గంటలోనే ఎవరో ఒకరికి కడుపునొప్పి.

"ఒకేసారి పట్టు, ఒకేసారి పడుకోబెట్టు" అంటుంది బెరిట్.
చెప్పడానికేం.
ఊడా గుటకలేస్తుంది, దొంగసొత్తు దాచుకుంటున్నట్టు.
సున్నివా నాలుగు చుక్కలు తాగి
రొమ్ము పట్టుకునే కునుకు తీస్తుంది.
అరికాలు గీరాలి, చెవి నులమాలి,
తడిగుడ్డతో బుగ్గ తుడవాలి.
దాన్ని లేపేసరికి
దీనికి మళ్ళీ ఆకలి.

ఐలిఫ్ కాడ్ చేపల వెంట పోతాడు.
ఉప్పులో నానివచ్చి, తలుపు దగ్గర నిలబడే నిద్రపోతాడు.
ఓనాడు వంటింటి కొక్కేనికి చేపల కాటా తగిలించి
తువ్వాల్లో మూటగట్టి ఇద్దర్నీ తూచాడు.
ఒకటి రెండు కిలోల మూడు వందలు,
ఇంకోటి నూటయాభై తక్కువ.
"ఇంత చిన్నవి పడితే మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాం" అన్నాడు.
నవ్వాను. తర్వాత ఎందుకో ఏడ్చాను.
అతను కాటా కడిగి ఆరబెట్టి
ఏమీ మాట్లాడకుండా సీసా వేడిచేశాడు.

ఊడా చీలమండకి ఎర్ర ఉన్నిదారం ఉండేది.
డిసెంబరు పద్నాలుగు రాత్రి, రాత్రే అనుకుందాం,
స్నానం పోశాక దారం కనబళ్ళేదు.
దీపం కింద ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూశాను.
కన్నదాన్ని నేనే.
పోల్చుకోలేకపోయాను.
కాటా కూడా సాక్ష్యం చెప్పలేదు:
ఆ వారమే ఇద్దరి బరువూ ఒకటైంది,
బెరిట్ మెచ్చుకుంది కూడా.
ఒకదానికి రెండుసార్లు పట్టి, రెండోదాన్ని పస్తు పెట్టానని
భుజం మీద భళ్ళున కక్కినప్పుడు గానీ తెలీలేదు.
ఏ గడిలో ఏం రాయాలి?
పేరు తెలీదు, కడుపు నిండింది.
పేరు తెలీదు, ఆకలి.
ఉందా పేజీ ఇప్పటికీ.
ఇప్పుడు పిలుస్తున్నవి పుట్టినప్పటి పేర్లేనా,
తారుమారయ్యాయా,
ఆ దారాన్నే అడగాలి. అదీ దొరకలేదు.

పక్కింటి ఓస్లౌగ్‌కి ఎనభై రెండేళ్ళు, చెవులు వినబడవు.
మధ్యాహ్నాలు వచ్చి ఒకదాన్ని ఒళ్ళో వేసుకుంటుంది.
ఏడుపు వినబడదు గనక కంగారు పడదు.
పిల్ల కాసేపు అరిచి, ఆ నింపాది మొహం చూసి
తనే ఊరుకుంటుంది.
నా పుస్తకం చూపిస్తే
నా రాతలు వదిలేసి అచ్చంకెల మీద వేలు పెట్టింది:
పోటు రోజూ ముప్పావుగంట పైగా ఆలస్యం.
దాన్నెవరూ తిట్టరు,
పడవ తాడే కాస్త వదులుగా కడతారు.

జనవరిలో ఆ రోజు
ఊరంతా సూర్యుణ్ణి చూడ్డానికి కోట గోడ దగ్గరికి పోయింది.
బళ్ళకి సెలవు.
నా ఇంట్లో అంతకన్నా పెద్ద వింత:
ఇద్దరూ ఒకేసారి నిద్రపోయారు.
అప్పుడు గుర్తొచ్చింది ఫిరంగి.
సూర్యుడు గుండ్రంగా తేలగానే పేలుస్తారు.
తొట్టి మీదికి వంగి
రెండు చేతులూ రెండు తలల పైన గొడుగుల్లా పట్టి
ఊపిరి బిగబట్టాను.
పేలింది. కిటికీ అద్దాలు గజగజలాడాయి.
ఒకదాని పెదవి కదిలింది, అంతే.

తీరిగ్గా కూర్చుని పెన్ను తీశాను.
మూత జారి నేల మీద టిక్కుమంది.
ఇద్దరూ లేచారు, ఒకే గొంతుతో.

రెండు గడుల్లోనూ మొదటిసారి ఒకే అంకె,
పన్నెండుంపావు.
పేజీ మీద పడ్డదేమిటా అని
చేత్తో తుడవబోయాను.
ఎండ.