పద్నాలుగో వరుస, ఇరవై రెండో కుర్చీ

గ్దీనియా రేవులో, ఓడలు కట్టడం మానేసిన షెడ్డులో
ముందు పదో వంతు హాలు కట్టాం.
మోకాలెత్తు బాల్కనీ, మంచమంత వేదిక,
జానెడు కన్నా పొట్టివి పద్దెనిమిది వందల బొమ్మలు.
బొగుమీవా వాటికి ఉన్ని కోట్లు కుట్టింది.
ఉన్ని శబ్దాన్ని తాగేస్తుంది, అదీ లెక్కలో రావాలంటే
నవ్వి
ఒక్కోదానికీ ఒక బొత్తాం కూడా పెట్టింది.
బొత్తానికి మా కొలతల్లో ఎక్కడా చోటు లేదు.

మూత వేసి, లోపలి గాలిలో తడంతా తీసేసి
ఒక నిప్పురవ్వని చిటుక్కుమనిపించాం.
ఆ చిటుకు ఏ మూల తిరిగి ఏ మూల చచ్చిందో
కాగితం మీద గీత చెప్పింది.
రెండు సెకన్లు బతకాలి నాదం.
ఎక్కువైతే రైల్వే స్టేషను,
తక్కువైతే పరుపుల కొట్టు.

ఆర్కిటెక్ట్ విస్వావా గాజు గోడ అడిగింది.
సముద్రం కనబడాలట.
గాజు వయొలిన్‌ని గీరుతుందన్నాను.
మూడు నెలలు మాటల్లేవు,
ఒకే క్యాంటీన్లో ఒకే బీట్‌రూట్ పులుసు తాగుతూ.
చివరికి సముద్రం నడవాలోకి వెళ్ళింది,
లోపలికి ఓక్ చెక్క వచ్చింది.

పెట్టెలో పెట్టె ఈ హాలు.
బయటి గోడకి లోపలి గోడ చుట్టమైనా కాదు.
కింద రబ్బరు దిండ్లు.
గూడ్సు బండి పోతే వీధంతా ఉలిక్కిపడుతుంది,
ఇది దిండు మీద తల కూడా తిప్పదు.

చెక్కను వంచింది జెనోన్.
ముప్పయ్యేళ్ళు ఓడల పొట్టలు అతికిన మనిషి.
సుత్తి దెబ్బలకి చెవుల్లోంచి తారస్థాయి పోయింది,
పిచ్చుకలు అరవడం మానేసి ఇరవయ్యేళ్ళయిందంటాడు.
గోడకి అరచెయ్యి ఆనించి
"ఇక్కడ పలచనైంది" అనేవాడు.
మా మైక్రోఫోను మర్నాటికి ఒప్పుకునేది.

తెరవడానికి ఆరు రోజులుంది.
వాద్యబృందం సాధన చేస్తుంటే
కుర్చీ కుర్చీకీ మారి కూర్చున్నాను.
పద్నాలుగో వరుస, ఇరవై రెండు:
వయోలాలు లేవు.
విల్లులు కదులుతున్నాయి, మోచేతులు కదులుతున్నాయి
తొట్టిలో చేపల్లా.
తల ఇటు వంచితే ఉన్నాయి,
అటు వంచితే లేవు.
లెక్క మళ్ళీ వేశాను. లెక్క తప్పులేదు.

"సగం ధరకి అమ్మేద్దాం" అంది విస్వావా.
"నాకిచ్చెయ్యండి" అన్నాడు జెనోన్,
"నాకెలాగూ సగమేగా."

తొలి రాత్రి అతను కోటు విప్పలేదు.
బొత్తాలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు.
డబుల్ బేస్‌లు లేచినప్పుడు చూశాను,
చెయ్యి కుర్చీ పక్క నుంచి జారి
నేల చెక్క మీద ఉంది.

ఆఖరి స్వరం తెగింది.
ఒకటి, రెండు, లెక్కపెట్టాను, అలవాటు.
చప్పట్లు మొదలయ్యాయి.
అతను చెయ్యి ఇంకా తియ్యలేదు.