కడెంల పట్టే రాయి

రెండింటికి సైరన్ మోగుతది.
మేళ్లచెర్వు దిక్కు కొంగలు ముందే లేచిపోతయి,
వాటికి గడియారం తెలుసు.
నేల ఒకసారి ఒళ్లు విరుచుకుంటది,
సున్నపురాయి బెంచి మొత్తం లేచి
ఉన్నకాడనే కూలబడుతది.

దుమ్ము పండుకున్నంక
నేను రెండు బంతులు పట్టుకొని పోత.
నారింజ రంగువి, ప్లాస్టిక్‌వి,
అడ్డంగ కొలిస్తే సరిగ్గ ఇరవై అయిదు సెంటీమీటర్లు.
రాళ్లకుప్ప మీద ఒకటి పైన, ఒకటి కింద పెట్టి
ఫొటోల పడకుంట పక్కకు జరుగుత.
ఇదీ ఒక నౌకరే.
జీతం చీటీ మీద మాత్రం
హెల్పర్, పల్లపు జానయ్య అని ఉంటది.

కెమెరాకు దూరం తెల్వదు.
ముంగటి గులకరాయి, ఆవలి బండ
దానికి ఒక్కటే.
పక్కన ఎరికైన వస్తువొకటి ఉంటేనే
ఎరికలేని దాని సైజు చెప్తది.
ఫర్హీన్ మేడం జీపు బానెట్ మీద లాప్‌టాప్ తెరిచి
రాయి రాయి చుట్టూ ఆకుపచ్చ గీత గీయిస్తది.
గీతలన్నీ కలిసినంక
పగిలిన గుట్ట సాలెగూడు లెక్క కనిపిస్తది.
"ఎనభై శాతం మీటరు లోపలే జానయ్యా,
ఈసారి మందు సరిపోయింది."
మీటరు దాటినయి క్రషర్ గొంతుల అడ్డం పడతయి.
ఆనాడు షిఫ్టంత గడ్డపారలు, తిట్లు.

పొద్దు వాలితే నీడలు మోసం చేస్తయి.
రెండు రాళ్ల నడుమ నల్లగ ఉన్నదాన్ని
మూడో రాయి అంటది మిషిని.
మేడం నన్ను పిలిచి వేలు పెట్టి అడుగుతది,
ఇది రాయా, సందా?
సందు, అంట.
చెరిపేస్తది.
నేను చదివింది ఏడో తరగతి.
ఈ పరీక్షల మాత్రం ఇంకా తప్పలే.

మా అమ్మ గురవమ్మ
మిర్యాలగూడ రైలుకట్టకు కంకర కొట్టిన మనిషి.
మేస్త్రీ చేతిల ఇనుప కడెం ఉండేదట,
లోపల రెండున్నర అంగుళాలు.
కుప్పల చెయ్యిపెట్టి ఒక రాయి తీస్తడు,
కడెంల పట్టకపోతే కుప్పంత వాపస్.
"అడుగున ఎట్లున్నా నడిచేది బిడ్డా,
వాని చేతికి దొరికిందే కొలత."
కట్ట పూర్తయిననాడు వాడు కడెం ఇసిరేసి పోయిండు.
అమ్మ కొంగున కట్టుకొని తెచ్చుకున్నది.
ఇప్పుడు దాని మీద చాయగిన్నె ఆనుతది.

మొన్న సోమారం బంతులు లేవు.
క్వార్టర్ల పోరగాళ్లు ఒకదాన్ని కాలువల ఇడిసిండ్రు,
ఇంకొకదాన్ని కుక్కకు ఇచ్చిండ్రు.
"సైజు తెలిసింది ఏదన్న పెట్టు, తొందరగ!"
ఫోన్ల మేడం.
ఇంటికి ఉరికి కడెం తెచ్చిన,
ఇంకేం యాదికి రాలే.

బొమ్మ వచ్చింది.
అన్ని రాళ్ల చుట్టూ గీత, కడెం చుట్టూ గీత.
నడుమ ఖాళీని గూడ కలుపుకొని
రాయి నంబరు నాలుగు వందల పన్నెండు,
డెబ్బై రెండు మిల్లీమీటర్లు.
ఇనుము మందం పోను
మేస్త్రీ కొలత ఇంకా తప్పలేదన్నట్టే.
మేడం చెరపబోయి, ఆగి,
నా ఫోనుకు పంపింది.

రాత్రి అమ్మకు చూపించిన.
కండ్లల్ల పొర, ఫోను ముక్కుకాడికి తెచ్చుకున్నది.
కడెం నడుమ వేలు పెడితే
బొమ్మ జారి ఎటో పోయింది.
మళ్ల తెచ్చి ఇచ్చిన.
"దీంట్ల ఏం లేదు గదరా."
"రాయి అనుకున్నదే అమ్మా."
చానసేపు చూసింది.
"మరి దానికి ఎంత కూలి కట్టిండ్రు?"

బుధవారం కొత్త బంతులు వచ్చినయి, నీలం రంగువి.
కడెం ఇంటికి చేరింది,
సందుసందున సున్నపు దుమ్ముతోటి.
నేను కడుగుత అంటే వద్దన్నది.
అట్లనే పొయ్యి పక్కన పెట్టి
దాని మీద చాయగిన్నె దించింది.