ఆయిల్ సీలు

ఆటోనగర్లో ముప్పయ్యేళ్ళుగా
లారీల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి.
నాకొకడు రబ్బరు గురించి చెప్పాలా?

చెప్పాడు.
ఇస్రాయేలని, పాతికేళ్ళ కుర్రాడు.
చీకటి పడ్డాక బస్టాండు వెనక, కాలవగట్టు మీద
మాలాంటివాళ్ళని వెతుక్కుంటూ తిరుగుతాడు సంచీ వేసుకుని.
ఓ సాయంత్రం షెడ్డుకే వచ్చాడు,
లారీల షెడ్డుకి, స్కూటీ హారను మోగట్లేదన్న వంకతో.

"అన్నా, ఏం వాడతారు?" అన్నాడు గొంతు తగ్గించి.
కొబ్బరినూనె, అన్నాను. ఒక్కోసారి వాజిలీను.
ఒక్కోసారి ఏమీ లేదు, తొందర.
"తొడుగు చిరగలేదా ఎప్పుడూ?"

నవ్వబోయి ఆగాను.
బల్ల మీద ఆ పొద్దున ఊడదీసిన సీలు ఉంది.
ఎవడో తెలియక నాటురబ్బరుది బిగిస్తే
ఇంజనాయిలు తాగి తాగి ఉబ్బి
గోరు తగిలితే పేలికయ్యేట్టుంది.
నూనె రబ్బరుని తింటుందిరా అని
ఎంతమంది కుర్రాళ్ళ చెవులు మెలిపెట్టానో.
నా ఒంటి దగ్గరకొచ్చేసరికి మాత్రం
నాలోని మేస్త్రీ
చెప్పులు విడిచినచోటే ఆగిపోయాడు.

చిన్న పొట్లం ఒకటి అరచేతిలో పెట్టాడు.
నీళ్ళతో చేసిన జెల్లట.
గ్రీజుని చూసినట్టే చూశాను వేళ్ళ మధ్య రుద్ది
చిక్కదనం, జారుడు, ఎంతసేపు నిలుస్తుందో.
బాగుంది. కడిగితే పోయింది.
ఈ చేతులకి అంటినవేవీ అంత తేలిగ్గా పోలేదు ఇన్నాళ్ళూ.

బాజీ గుర్తొచ్చాడు.
గుంటూరు పెద్దాసుపత్రి, వరండా చివరి మంచం.
నాగపూరు దాకా మిరపలోడు
ఒక్కడే లాక్కెళ్ళిన మనిషి
దుప్పటి పైకి లాగమని కళ్ళతో అడిగాడు.
"నువ్వేమవుతావయ్యా?" అంది నర్సమ్మ.
క్లీనర్నండీ, అన్నాను.
ఆ అబద్ధానికి ఇంకా జీతం పడుతూనే ఉంది.

అప్పుడీ బిళ్ళ లేదు.
వచ్చాక వేసేది కాదు, రాకముందే అడ్డం నిలబడేది.

క్లినిక్కులో రక్తం తీశారు.
ముందు ఆ జబ్బు లేదని తేలాలి, కిడ్నీలు బాగుండాలి.
కాగితం వచ్చేదాకా
బెంజిసర్కిల్ ఫ్లైఓవరు నీడలో
మూడు గ్లాసులు చెరుకురసం తాగాను, రుచి తెలియకుండా.
లేదన్నారు.
కాళ్ళల్లో గాలి పోయినట్టయి అక్కడే కూలబడ్డాను.
సంతోషం కాదు అది.
బాజీకి దక్కనిది నాకెందుకు దక్కాలి?

డాక్టరమ్మ అడిగింది, "మగవాళ్ళతోనేనాండీ?"
టీలో చక్కెర వేసుకుంటారా అన్నంత మామూలుగా.
అంత మామూలుగా ఎవరూ అడగలేదు, తల ఊపడానికి కాస్త టైము పట్టింది.
రోజూ ఒకటి, మరిచిపోకూడదు.
మూడు నెలలకోసారి పరీక్ష.
సవాయి లాంటి మిగతా రోగాల్ని ఇది ఆపదు, తొడుగు మానొద్దు.
సర్వీసింగే కదమ్మా, అన్నాను.
ఆవిడ నవ్వింది, నేను నవ్వలేదు, నిజంగానే అన్నాను.

ఇప్పుడు సీసా వాషర్ల డబ్బా వెనక ఉంటుంది.
పొద్దున్నే మొదటి టీతో.
"ఏంటి మేస్త్రీ అది?" అంటాడు కుర్రాడు.
బలానికిరా.
ఇది అబద్ధమో కాదో నాకే తెలియదు.

శనివారం రాత్రి ఆఖరి బస్సుకి
ఉయ్యూరు నుంచి కాశీపతి వస్తాడు,
చేతిలో ఉల్లిపకోడీ పొట్లం, చొక్కా నిండా చెరుకుమిల్లు వాసన.
మునుపు లైటు ఆర్పాకే తలుపు గడియ పడేది.
ఎవరికి భయపడో, దేనికి భయపడో,
అంతా దొంగసరుకు దింపినట్టు.

మొన్న లైటు వెలుగుతూనే ఉంది.
పొట్లం చింపుతూ ఆగి
"నొప్పిగా ఉంటే చెప్పు," అన్నాడు.

బాజీని నేనెప్పుడూ అడగలేదు ఆ మాట.