రెండు బకెట్ల బండి

పాతదానికి నాలుగు బకెట్లు పట్టేవి.
ఫజర్ అజా వినపడక ముందే
పీటెక్కి దాని నడినెత్తి తుడిచేవాణ్ణి.
రాత్రికి రాత్రి కురిసిన దుమ్ము
కడప మండీలో పసుపు గోతాం చినిగినట్టు
ఒళ్లంతా.
మావటి కడిగేటప్పుడు ఏనుగైనా కొంచెం ఒంగుతుంది.
ఇది ఒంగేది కాదు.

కొత్తదానికి రెండు చాలు.
రెండోదాంట్లో సగం మిగిలితే
గోడవారనున్న చెట్టుకు పోస్తా.
వీళ్లు సిద్రా అంటారు.
కాయ కొరికి చూశా, మా రేగే.

నిరుడు బూ మిషారికి మోకాలిచిప్ప మార్చారు.
బండి మెట్టు అందక
ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి తలుపు మీద,
మధ్యలో అల్లా పేరు.
కొడుకులు వద్దన్నారు.
దీవానియాలో ముసలి నేస్తాలు
ఖహ్వా గిన్నెల చాటున నవ్వారంట.
"కాలు అందనప్పుడు
గుర్రమైతేనేం, గోడైతేనేం" అన్నాడాయన.
జహ్రా కుర్రోడొకడు వచ్చి టైర్లు తన్ని చూసి
దినార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

ముందురోజు లోపలంతా ఖాళీ చేశా.
మూడో వరస కింద
చలికాలం ఎడారి గుడారాలనాటి ఇసుక, గుప్పెడు.
ఖర్జూరం గింజలు. దానా చిన్నప్పటి తలక్లిప్పు,
ఆ పిల్లకిప్పుడు ఇద్దరు పిల్లలు.
పావు దినారు నోటు. అది ఎవరికీ చెప్పలేదు.
కాళ్లకింది పట్టా తీయడానికి వెనక సీట్లో కూర్చున్నా,
పద్నాలుగేళ్లలో మొదటిసారి.
అక్కణ్ణుంచి కనపడేది
ముందు సీటు వీపు, దాని పైన
జానెడు ఖాళీ.
అందులో నా మెడ ఉండేదన్నమాట.

బండి ఎత్తు తగ్గితే
డ్రైవరు ఎత్తూ తగ్గుతుంది.
జమియా పార్కింగులో సిలోన్ పెరేరా
"ఏం భాయ్, ఉతికితే ముడుచుకుందా?" అన్నాడు.
నాలుగో రింగు రోడ్డు మీద
వెనకనుంచి లైట్లు కొడుతున్నారు నాకు,
నిన్నటిదాకా నేను కొట్టిన లైట్లే.
పక్కకు జరగడం నేర్చుకుంటున్నా
యాభై దగ్గర పడ్డాక.
షెడ్డు కింద మిగిలిన చోటులో
పిల్లి ఒకటి కాపురం పెట్టింది.

రాజంపేటలో మా గోడ మీద
పెద్దబండికి ఆనుకుని నిలబడ్డ ఫోటో ఉంది.
నల్లద్దాలు, అర నవ్వు.
బండి నాదని మా బామ్మర్ది ఎవరితోనూ అనలేదు,
కాదనీ అనలేదు.
నేనూ అంతే.
మొన్న ఫోన్లో నాగసుబ్బమ్మ అడిగింది,
ఫోటోలో బండి ఎట్లుందని.
"అమ్మేశాం" అన్నా.
అన్నాక నాకే నవ్వొచ్చింది.
అమ్మేశాం.
ఎవరయ్యా ఆ మేము?

కొత్తదాంట్లో వెనక కాళ్లు చాపుకోను చోటు లేదు.
అందుకని ముందుకొచ్చాడు, నా పక్కకు.
వెనకున్నన్నాళ్లూ పేపరు మొహాన కప్పుకుని
నిద్రపోయేవాడు.
ఇప్పుడు స్పీడు ముల్లు కనపడుతోంది.
"బెంచల్, ఎనభై! బెంచల్, సిగ్నల్!"
పెంచలయ్యలో ప
ఆ నోట్లో ఎన్నడూ తిరగలేదు.
ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూ ఉంటుంది.
డాక్టరు చెప్పిన వ్యాయామం ఇంట్లో చెయ్యడు గానీ
దారి పొడుగునా ఇదే పని.

మధ్యలో మోచెయ్యి ఆనించుకునే దిండు ఒక్కటే.
మొదటివారం నా చెయ్యి ఒళ్లోకి లాక్కున్నా.
తర్వాత మర్చిపోయా.
నిన్న సాల్మియా సిగ్నల్ దగ్గర
నావైపు తేరిపార చూసి అడిగాడు:
"ఈ మచ్చ ఎప్పుడైంది నీకు?"
కుడి చెంప మీదది. పుట్టుమచ్చ.
"మొన్ననే, బాబా" అన్నా.
ఇంకా ఏదో అడగబోయాడు.
పచ్చలైటు పడింది.
"బెంచల్, పో."