మూడేసి అక్షరాలు

సఖినేటిపల్లి రేవులో పంటు దిగ్గానే ఎడమపక్క,
మల్లాడి పల్లాలమ్మ భోజనశాలకి
బోర్డు రాయమని పిలిచారు నన్ను.
అక్షరానికి పదిహేను. రంగులు నావే.
"పెద్దగా ఏం వద్దు బాబూ.
ఇగురు, పులుసు. అంతే.
మిగతాది వాసనే చెప్పుద్ది."

రెండూ మూడేసి అక్షరాలు.
నలభై అయిదు, నలభై అయిదు.
కానీ పులుసుకి మూడు కొమ్ములు,
ఇగురుకి రెండే.
కొమ్ము తిప్పడమే మా పనిలో కష్టం,
చెయ్యి వణికిందా, వంకరపోయిన గేలంలా ఉంటుంది.
ఒక కొమ్ముకి ఎక్కువడగొచ్చు. అడగలేదు.

ప్రైమరు ఆరేదాకా అరుగు మీద కూచున్నాను.
పంటు కోసం చూస్తున్న మేష్టారొకాయన,
జేబులో రెండు పెన్నులు,
నా సుద్ద గీతల్ని చదివి తనలో తనే అన్నట్టు
"పులియడంలోంచి పులుసు,
ఇగరడంలోంచి ఇగురు.
ఒకటి నిలవుండి పుట్టిన మాట,
ఒకటి పోతూ పోతూ పుట్టిన మాట" అన్నారు.
పొయ్యి దగ్గర్నుంచి పల్లాలమ్మ:
"నీళ్ళుంటే పులుసు, నీళ్ళు పోతే ఇగురు.
దానికింత తిప్పుడెందుకండీ?"
మేష్టారు నవ్వలేదు.
పంటు కూత పెట్టింది.
చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి దిగిపోయారు.

నాకు మాత్రం ఆ మాటలు అంటుకున్నాయి,
గోళ్ళ సందుల్లో ఎర్రరంగులా.
టర్పెంటైను డబ్బా మూత మరిచిపోయినప్పుడల్లా
నాగవేణి అనేది ఇదే:
"మళ్ళీ ఇగిరిపోయింది చూడు, నూట ఎనభై రూపాయలు!"
రోజంతా నిచ్చెన మీద నిలబడి ఇంటికెళ్ళి
నేననేది ఆ రెండోది:
"ఒళ్ళంతా పులిసిపోయిందే."
పొయ్యి వెలిగించకుండానే
ఇన్నేళ్ళుగా మా ఇంట్లో రెండూ ఉడుకుతున్నాయన్నమాట.

మధ్యాహ్నం అన్నం పెట్టింది.
ముందు బొమ్మిడాయిల పులుసు, నిన్నటిది.
"ఒక రాత్రి పడుకుని లేవాలి బాబూ,
అప్పుడే ముక్కకి పులుపెక్కుద్ది. మధ్యలో కదపకూడదు."
తర్వాత రొయ్యల ఇగురు.
దీన్ని మాత్రం వదిలి పక్కకెళ్ళలేదు.
గరిటె, మూకుడు, మళ్ళీ గరిటె.
నర్సాపురం నుంచొచ్చిన వలల వ్యాపారి
"ఇగురంటే కాస్త గుజ్జుండాలి కదమ్మా" అని గొణిగాడు.
"మీ ఒడ్డున ఉండుద్దేమో.
నా దగ్గర గరిటె లాగితే గీత నిలబడాలి."
అది నాకూ తెలిసిన కొలతే. బ్రష్షుకీ అంతే.

ముందేది నేర్చుకున్నావు అనడిగాను చెయ్యి కడుక్కుంటూ.
"పులుసు మా అమ్మ నేర్పింది.
ఇగురు ఎవరూ నేర్పలేదు.
ఓ రోజు పులుసు పొయ్యి మీదుండగా కబురొచ్చింది,
రేవుకి పరిగెత్తాను.
తిరిగొచ్చేసరికి మొత్తం ఇగిరిపోయి అడుగున ఇంత ఉంది.
పారెయ్యబుద్ధి కాలేదు.
పిల్లలకి పెట్టాను. బాగుందన్నారు."
ఏం కబురో చెప్పలేదు.
నేను మగ్గు బోర్లించి లేచాను.

రెండు గుంపెన గుంజలు పాతి బోర్డు బిగించాను.
తొంభై, చిల్లరతో సహా లెక్కపెట్టిచ్చింది.

తొలకరి పోయాక మళ్ళీ పిలుపు.
ఉప్పుగాలికి పులుసు కొమ్ములు పెచ్చులూడాయి.
ఎడమ గుంజకి మాత్రం ఎర్రగా, గోరంతలుగా ఆకులు.
ఇ మీదకి వాలి ఉన్నాయి.
పంటు దిగినవాళ్ళు గురు, పులుసు అని చదువుకుని
ఇదేం కూరో అని లోపలికొస్తున్నారట.
"ఏంటది బాబూ, చచ్చిన కర్రకి?"
"ఇగురేసిందండీ" అన్నాను.
చిగురనలేదు. మా నాయనమ్మ మాటే నోటికొచ్చింది.

ఆరిపోవడానికీ మొలవడానికీ
ఒక్క మాటతో ఎలా సరిపెట్టుకున్నారో
మేష్టారుంటే అడిగేవాణ్ణి.
వచ్చే పంటులో చూశాను. బైకులు, మేకలు, ఒక పెళ్ళి బృందం.
ఆయన లేరు.

పులుసుకి మూడు కొమ్ములూ తిరగరాశాను.
ఇగురు జోలికి పోలేదు.
నలభై అయిదే తీసుకున్నాను.