గడ్డం మీద వేలు

బరంపురం పెద్దాసుపత్రి, నరాల విభాగం, చివరి గది.
ఏసీ పోయి మూడు వేసవులు.
ఫ్యాను తిరిగితే తెర మీద గీతలన్నీ వణుకుతాయి,
అందుకని అదీ కట్టేసి
చెమట తుడిచి, స్పిరిట్ దూదితో మెడ రుద్ది
నేను బిళ్లలు అతికిస్తాను.
కుడి చెవి వెనక గుబ్బ నుంచి రొమ్ము ఎముక దాకా
పలుపుతాడులా బిగిసిన కండ మీద రెండు,
ఎడమ పెడతల కింద రెండు,
భుజం మీద రెండు.
మెడలో ఇన్ని ఉన్నాయని
ఈ ఉద్యోగంలో చేరేదాకా నాకూ తెలీదు.
మా పిన్ని లెక్కలో మెడంటే
ఇంకా బోసిగా ఉన్న చోటు.

ఈయన తామాడ గున్నయ్య.
కాశీనగరం దాటాక రైలు గేటు, ఇరవై రెండేళ్ల డ్యూటీ.
రెండేళ్లుగా తల ఎడమకి, గుణుపూరు వైపు.
"అట్నుంచి బండొస్తే ఇబ్బంది నేదమ్మా.
నౌపడా నుంచొచ్చిందనుకో,
జెండాతో సహా ఒళ్లంతా తిప్పాల."

గుణియా వేపమండలతో కొట్టాడు.
పర్లాకిమిడిలో ఒకాయన పటుక్కుమనిపించాడు.
శబ్దమైతే వచ్చింది.
బావమరిది కూతురి పెళ్లిలో
ఎదురొచ్చి పలకరిస్తే మొహం తిప్పుకున్నాడని
ఆ ఇంటివాళ్లు గడప తొక్కడం మానేశారు.
మన మాటల్లో
మెడ తిప్పితే అలక, వంచితే సిగ్గు, ఎత్తితే పొగరు.
కండ తనంతట తను లాగితే
దానికి మాట లేదు.

"సిధా చాహాంతు" అంటాడు డాక్టరు సుబుద్ధి.
నేరుగా చూడు మావా, అంటాను నేను.
చూడబోతాడు.
తెర మీద కుడి కండ గీత
రాళ్ల మీద వంశధారలా నురగలెత్తిపోతుంది.
తలని ఎడమకి లాగేది కుడి కండట.
"నొప్పి ఎడమనమ్మా!"
ఎడమది తోడుదొంగ మావా.
ఆపాల్సిన కండలు కూడా ఊరుకోలేదు,
ఒకే గేటుకర్రకి చెరో కొసనా ఇద్దరు వేలాడినట్టు.

"ఇంటి దగ్గర ఏం చేస్తావో అది చెయ్యి" అన్నాడు డాక్టరు.
గున్నయ్య సిగ్గుపడ్డాడు.
చూపుడు వేలు తెచ్చి గడ్డం ఎడమ పక్కన ఆనించాడు.
నొక్కలేదు. చీమ కూడా నలగదు ఆ బరువుకి.
తల వెనక్కొచ్చింది.
మధ్యకి.
రెండు కళ్లతో నన్ను చూశాడు, పొద్దుట్నుంచి మొదటిసారి.

సుబుద్ధి గీతని వెనక్కి జరిపాడు, మళ్లీ జరిపాడు.
వేలు ఇంకా జానెడు దూరంలో ఉండగానే
కండ చల్లబడింది.
తాకకముందే ఎలా తెలిసిందని నేను,
"అదే కదా రాస్తున్నది" అని ఆయన.
గున్నయ్యకి మాత్రం వింత లేదు.
"బండి రాకముందే పట్టాలకి తెలీదేటమ్మా?"

ఆయన పదకొండో మనిషి. ఇంకా తొమ్మిది మంది కావాలి.
సూది తర్వాత వారం వేస్తారు,
మూడు నెలలకోసారి రావాలి.
ఎన్నాళ్లని అడగలేదు.
వేలు దించకుండానే సంచీ సర్దుకుని లేచాడు,
చూసేవాళ్లకి ఏదో పెద్ద ఆలోచనలో ఉన్న మనిషిలా.
"పలాసలో దిగుతానమ్మా. బావమరిది ఇల్లు అక్కడే.
వేలెట్టుకునే ఎల్తాను."

పోల్చడానికి తిన్నని మెడలు కూడా కావాలి.
సాయంత్రం కొత్త బిళ్లలు నా మెడకి.
నేరుగా కూచున్నాను. గీత గీతలాగే,
ఏప్రిల్లో రుషికుల్యలా ఇసకే ఇసక.
వేలు గడ్డానికి ఆనించాను. ఏమీ కాలేదు.
మార్పు లేదు, అని రాసుకున్నాడు సుబుద్ధి.
ఇంతలో వరండాలోంచి ఎవరో నన్ను పిలిచారు.
తిరిగాను.
తెర మీద చిన్న గుట్ట లేచి
అణిగింది.
అంతే. అంత తేలిక.