గదితో వచ్చినవి

రిచీ స్ట్రీట్‌లో పాత ల్యాప్‌టాప్ కొన్నాను,
పదకొండు వేలకి. ఛార్జర్ విడిగా.
తెరిచేసరికే సీ డ్రైవ్
గొంతుదాకా ఎరుపు.

నాకంటే ముందే కాపురం పెట్టేశారు:
ఎవరూ ఆడని పేకాట,
గడువు తీరి రోజూ చేయిచాపే యాంటీవైరస్,
ఇంకా ఈరోడ్ ఎండ లెక్కపెట్టే వాతావరణం,
నాకు లేని ప్రింటరుకి నలుగురు నౌకర్లు.

ట్రిప్లికేన్‌లో నా గదీ అంతే.
ఓనరమ్మ బీరువా, కుట్టుమిషను, తిరగని గ్రైండరు.
అద్దె మాత్రం గది మొత్తానికీ.
తీయించమంటే "ఇరుక్కట్టుమ్మా" అంటుంది.

అర్ధరాత్రి దాకా
ఒక్కొక్కరినీ ఖాళీ చేయించాను.
"నిజంగానే తొలగించమంటారా?"
ఆ ప్రింటరు నౌకర్ల గురించైతే
రెండుసార్లు అడిగింది పాపం.

ఇరవైరెండు జీబీ.
గ్రైండరు మీద కాళ్లు చాపుకుని
ఆ జాగానే చూస్తూ కూర్చున్నా,
ఏమీ పెట్టకుండా.